ఏ వయసుకు ఏ బుద్ధి? స్కూలువాళ్లిచ్చిన చార్టు నమ్మాలా?

కోవూరు_కోడలు
మా చిన్నోడికి నాలుగున్నర. నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో చేతికి ఒక రంగుల చార్టు ఇచ్చారు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా గళ్లు గీసి, ఏ వయసుకు ఏ ‘స్టేజ్’ రావాలో రాశారు. మావాడి పేరు పక్కన ఎర్ర ఇంకుతో ‘వెనుకబడి ఉన్నాడు’ అని ఉంది. ఎందుకంటే రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని సన్నటి పొడుగు గ్లాసులోకి మార్చి, ఎందులో ఎక్కువున్నాయి అని అడిగితే పొడుగుదాన్ని చూపించాడంట. అందుకని సాయంత్రం పూట ‘బ్రెయిన్ డెవలప్‌మెంట్’ క్లాసులో చేర్చమంటున్నారు. ఫీజు వేరే.

చార్టు తెచ్చి ఫ్రిజ్‌కు అంటించా. ఇప్పుడు ఇంట్లో అందరూ ఎవరి గడి వాళ్లు వెతుక్కుంటున్నారు. పాప పదో తరగతి, ప్రతిదానికీ ఎదురు వాదన. మా ఆయనకు 44, ఉన్నట్టుండి బుల్లెట్ బండి కొంటానంటున్నాడు. అత్తమ్మకు 66, చెప్పిన కథే మళ్లీ చెబుతుంది. చార్టేమో పద్దెనిమిదితో ఆగిపోయింది. ఆ తర్వాత మనుషులు ఎదగరా? తెలిసినవాళ్లు చెప్పండి. ముందు ఆ ఫీజు కట్టాలా వద్దా చెప్పండి.

రొయ్యల_చెరువు
ఫీజు అడగడంలో మాత్రం స్కూలు ఏ స్టేజీలోనూ వెనకబడలేదు.

పలకా_బలపం
మార్కాపురం దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఫీజు కట్టొద్దు. మీవాడు వాడి వయసుకు చెప్పాల్సిన జవాబే చెప్పాడు.

ఆ గ్లాసుల పరీక్ష, పిల్లల బుద్ధి ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విట్జర్లాండ్ ఆయన జీన్ పియాజే (1896–1980) పెట్టింది. టెట్ రాసినవాళ్లందరికీ ఇది కంఠస్థం: రెండేళ్ల దాకా ఇంద్రియ చాలక దశ (చూసి, తాకి తెలుసుకోవడం), ఏడు దాకా పూర్వ ప్రచాలక దశ (కంటికి ఎలా కనిపిస్తే అలా అనుకోవడం), పదకొండు దాకా మూర్త ప్రచాలక దశ (ఎదురుగా ఉన్న వస్తువులతో తర్కం), ఆ పైన అమూర్త ప్రచాలక దశ (కంటికి కనపడనిదాని మీద తర్కం). నీళ్ల పరీక్షలో నెగ్గడం మూడో దశ లక్షణం. మీవాడు రెండో దశ మధ్యలో ఉన్నాడు. ఆ చార్టు ఇచ్చినవాళ్లే చార్టు చదవలేదన్నమాట.

ఇంట్లో మజ్జిగతో చేసి చూడండి. ఒకే రకం గాజు గ్లాసులు రెండు పెట్టి, వాడు ‘సమానం’ అనేదాకా పోయండి. ఒకదాన్ని సన్న గ్లాసులోకి ఒంపండి. అప్పుడు వాడి కళ్లు ఎటు పోతాయో గమనించండి. మజ్జిగ పైగీత ఎక్కడుందో అక్కడే నిలుస్తాయి. గ్లాసు సన్నబడిందన్న సంగతి వాడికి పట్టదు. తిరిగి మొదటి గ్లాసులో పోస్తే ‘సమానం’ అంటాడు. మళ్లీ పొడుగుదాంట్లో పోస్తే ‘ఇదే ఎక్కువ’ అంటాడు. ఆ రెండు మాటలకూ పొసగదని వాడికి అనిపించదు. ఎత్తునూ వెడల్పునూ ఒకేసారి లెక్కలోకి తీసుకోవడం, ఒంపినదాన్ని మనసులోనే వెనక్కి ఒంపుకోవడం ఆరేడేళ్లకు గానీ రాదు.

కావలి_కుర్రోడు
మావాడికి ఏడు నిండాయి. నీళ్లు సమానమే అంటాడు గానీ చపాతీ ముద్దను ఒత్తి పలచగా చేస్తే బరువు పెరిగిందంటాడు. వీడికీ క్లాసు కావాలా?

పలకా_బలపం
అన్నీ ఒకేసారి రావు. మొదట సంఖ్య: గోళీలను దూరం దూరంగా పేర్చినా అన్నే ఉన్నాయని తెలుస్తుంది. ఆ తర్వాత నీళ్లు, పిండి. బరువు తొమ్మిది పదేళ్లకు. ఘనపరిమాణం ఇంకా ఆలస్యం, పదకొండు ప్రాంతంలో. చపాతీ ఒత్తుతూనే ఉండండి.

బిట్రగుంట_లోకోషెడ్
వయసును పట్టుకోకండి, వరుసను పట్టుకోండి. గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు. ఏ బండెక్కినా స్టేషన్ల వరుస ఇదే. ఎన్ని గంటలకు చేరుస్తుందన్నది బండిని బట్టి ఉంటుంది. పియాజే కూడా వరుస మారదనే గట్టిగా చెప్పాడు, వయసులు సగటు లెక్క అన్నాడు.

రొయ్యల_చెరువు
మా బామ్మర్దికి 35 ఏళ్లు. వాడి బండి ఇంకా మీ బిట్రగుంటలోనే ఉంది అన్నా. సిగ్నల్ ఇప్పించండి.

ఎంఏ_సైకాలజీ
పలకా_బలపం గారి వివరణ బాగుంది గానీ, పియాజే పిల్లల్ని కొంచెం తక్కువ అంచనా వేశాడని తర్వాతివాళ్లు తేల్చారు. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే ఇద్దరు స్కాట్లాండ్‌లో చేసిన ప్రయోగం చూడండి. రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, పెద్దవాళ్లు జరిపితే నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు ఎక్కువమంది తప్పు చెప్పారు. అదే ఒక ‘అల్లరి ఎలుగుబంటి’ బొమ్మ వచ్చి బిళ్లల్ని చెదరగొట్టినట్టు ఆడిస్తే ఎక్కువమంది సరిగ్గా చెప్పారు.

ఎందుకు? పెద్దాయన ఒకసారి అడిగాడు, ఏదో మార్చాడు, మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. అంటే జవాబు మారాలి కాబోలు అనుకుంటారు పిల్లలు. మన క్లాసుల్లో చూడండి, టీచర్ రెండోసారి ‘ఎంతా?’ అని సాగదీసి అడిగితే చాలు, కరెక్టుగా చెప్పిన పిల్ల కూడా మాట మారుస్తుంది. బెత్తం ఉంటే ఇంకా త్వరగా.

పలకా_బలపం
నిజమే. మా మూడో తరగతిలో నేను ‘ఊఁ?’ అన్నానంటే పలక తుడిచేస్తారు.

ఎంఏ_సైకాలజీ
ఫీజు సంగతికి వస్తే ఇంకోటి. ‘ఈ దశల్ని తొందరగా దాటించడం ఎలా?’ అని పియాజేను అమెరికాలో పదే పదే అడిగేవాళ్లు. ఆయన దానికి ‘అమెరికన్ ప్రశ్న’ అని పేరు పెట్టాడు.

రొయ్యల_చెరువు
ఇప్పుడది నెల్లూరు ప్రశ్న అయింది. మాగుంట లేఅవుట్‌లో ఒక చుట్టు చుడితే ఎన్ని బోర్డులో.

ఒంగోలు_గిత్త
నేను ఒప్పుకోను. జెనీవాలో కూర్చుని సొంత పిల్లలు ముగ్గుర్ని చూసి రాసిన లెక్కలు కనిగిరి పిల్లకాయలకు ఎట్టా వర్తిస్తాయి? మాకు ఎనిమిదేళ్లకే గొడ్లు తోలుకెళ్లి, లెక్కేసి, సాయంత్రానికి ఇంటికి చేర్చే పిల్లలున్నారు. వాళ్లను ఏ గడిలో పెడతారు?

ఎంఏ_సైకాలజీ
సొంత పిల్లల్ని చూసి రాసింది ప్రధానంగా పసితనం గురించి. మిగతావి చాలామంది పిల్లల మీద చేసినవే. కానీ మీ అనుమానం న్యాయమైనదే. మొదటి దశలు దాదాపు అన్ని దేశాల్లోనూ అదే వరుసలో వస్తాయి. చివరిదైన అమూర్త ఆలోచన మాత్రం చదువు మీద చాలా ఆధారపడుతుంది.

లూరియా అనే రష్యా శాస్త్రవేత్త 1931, 32లో ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్లాడు. ‘దూరపు ఉత్తరాదిలో మంచు ఉన్నచోట ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. ఫలానా ఊరు ఆ ఉత్తరాదిలో ఉంది. అక్కడి ఎలుగుబంటి రంగేంటి?’ అని అడిగాడు. చదువుకోని రైతులు కొందరు ‘నేను చూడలేదు, చూసినవాణ్ణి అడుగు’ అన్న తీరులో జవాబిచ్చారు. కొద్దిపాటి చదువు అబ్బినవాళ్లు వెంటనే ‘తెలుపు’ అన్నారు.

ఒంగోలు_గిత్త
ఆ రైతు చెప్పిందే కరెక్టు. చూడందానికి సాక్ష్యం చెప్పకూడదు. మా తాత కోర్టులో కూడా అదే చెప్పాడు.

రొయ్యల_చెరువు
గిత్త గారి పాయింటుకు నా దగ్గర ఒక కేసుంది. మా చెరువుల దగ్గర పనిచేసే ఆయన కొడుకు, పన్నెండేళ్లు, ఆదివారం నాయనతో చేపల మార్కెట్‌కు వస్తాడు. కిలో 340, కిలోముప్పావు ఎంతా అంటే ‘340, దాంట్లో సగం 170, దాంట్లో సగం 85, మొత్తం 595’ అని నోటికి చెప్పేస్తాడు. చిల్లర కూడా లెక్కపెట్టే తీస్తాడు. అదే వాడి నోటుబుక్కులో 1.75ను 340తో గుణించమంటే పెన్ను నోట్లో పెట్టుకుని ఆకాశం చూస్తాడు. వాళ్ల సారు ‘వీడికి లెక్కలు రావు’ అని తేల్చేశాడు.

ఎంఏ_సైకాలజీ
మీ కేసు మీద సరిగ్గా ఒక పరిశోధన ఉంది. 2025లో నేచర్ పత్రికలో వచ్చింది, నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో రాసినవాళ్లలో ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలు బేరంలో చిక్కు లెక్కలు నోటితోనే చేశారు. అవే లెక్కలు పుస్తకం తరహాలో ఇస్తే చాలామంది చేయలేకపోయారు. స్కూలుకు మాత్రమే వెళ్లే పిల్లలది ఇందుకు రివర్స్. పుస్తకంలో బాగా చేసినవాళ్లు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు.

పలకా_బలపం
ఆ అబ్బాయిని నా క్లాసుకు పంపండి అన్నా. నేనైతే గుణకారం ఆపి, ముందు రొయ్యల ధర రాయించేదాన్ని. వైగోట్‌స్కీ అని రష్యా ఆయన, పియాజే పుట్టిన 1896లోనే పుట్టి 37 ఏళ్లకే పోయాడు. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగింది ఒకటి, పక్కన తెలిసినవాళ్లు చేయందిస్తే చేయగలిగింది ఇంకొకటి, ఆ రెంటి మధ్యనే నేర్పాలి అన్నాడు. మా బడిలో ఐదో తరగతి పాపను ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెడితే నాకన్నా బాగా నేర్పుతుంది. తను మొన్ననే నేర్చుకుంది కాబట్టి ఎక్కడ తట్టుకుంటారో తెలుసు.

మైపాడు_అల
మధ్యలో దూరుతున్నా. మా పాపకు మూడు నిండి ఏడో నెల. అబద్ధాలు మొదలుపెట్టింది. మూతికి బెల్లం అంటుకునే ఉంటుంది, ‘నేను తినలా’ అంటుంది. కొట్టాలా?

ఎంఏ_సైకాలజీ
కొట్టొద్దు. ఒక ఆట ఆడండి. నాన్న చూస్తుండగా మురుకులు ఎర్ర డబ్బాలో పెట్టండి. నాన్న బయటికెళ్లాక పాప ముందే నీలం డబ్బాలోకి మార్చండి. ‘నాన్న వచ్చి ఏ డబ్బాలో వెతుకుతాడు?’ అని అడగండి. మూడేళ్ల పిల్లలు ఎక్కువమంది నీలం అంటారు. తమకు తెలిసింది నాన్నకూ తెలుసనుకుంటారు. నాలుగు, నాలుగున్నర దాటాక ‘ఎర్రదాంట్లో’ అంటారు. 1983లో విమ్మర్, పెర్నర్ ఈ రకం పరీక్ష మొదలుపెట్టారు. ఎదుటివాళ్ల తలలో ఉన్నది నా తలలో ఉన్నదానికి వేరు అని తెలిస్తేనే అబద్ధం పుడుతుంది. మీ పాపకు అది ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మూతి తుడుచుకోవడం ఇంకా నేర్చుకోలేదు, అంతే.

రొయ్యల_చెరువు
మూతి తుడుచుకోవడం నేర్చుకున్నాక రాజకీయాల్లోకి పంపచ్చు.

రిటైర్డ్_హెడ్మాస్టర్
ఇంత చర్చ ఎందుకు? మనవాళ్లు ఏనాడో చెప్పారు. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం. చార్టు పద్దెనిమిదితో ఆగిందని అమ్మాయి అడిగింది. మన చార్టు చివరిదాకా ఉంది. విదేశీయులు ఇప్పుడు మేలుకున్నారు.

ఉలవపాడు_మామిడి
మాస్టారూ, ఆ నాలుగింట్లో మా ఆడవాళ్ల ఆశ్రమం ఏది? మా అమ్మకు 70, ఇంకా వంటింటి ఆశ్రమంలోనే ఉంది. వానప్రస్థం వయసు వచ్చిందనే చెప్పారు గానీ గ్యాస్ పొయ్యి వదలనివ్వలా.

రిటైర్డ్_హెడ్మాస్టర్
అమ్మా, నేను సూత్రం చెప్పాను, ఆచరణ కాదు.

ఎంఏ_సైకాలజీ
మాస్టారి మాటలో ఒక విశేషముంది. ఎరిక్ ఎరిక్సన్ (1902–1994) అనే మనస్తత్వ శాస్త్రవేత్త పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎనిమిది దశలు చెప్పాడు. ఆయన 1962లో అహ్మదాబాద్ వచ్చి జీవిత దశల మీద సెమినార్ నడిపాడు. ఆశ్రమాలకూ తన దశలకూ పోలికలున్నాయని అక్కడే ఆలోచించాడు. ఆ పట్టుతోనే గాంధీ మీద, 1918 అహ్మదాబాద్ మిల్లు సమ్మె మీద పుస్తకం రాశాడు. దానికి 1970లో పులిట్జర్ వచ్చింది.

తేడా కూడా ఉంది. ఆశ్రమాలు ఏం చెయ్యాలో చెబుతాయి. ఎరిక్సన్ ఏ వయసులో మనసులో ఏ పెనుగులాట జరుగుతుందో చెబుతాడు. పసిబిడ్డకు నమ్మకం, అపనమ్మకం. స్కూలు వయసులో ‘నేను చేయగలను’ అన్నదానికీ ‘నేను పనికిరాను’ అన్నదానికీ మధ్య. టీనేజ్‌లో ‘నేనెవరు?’ నడివయసులో ‘తర్వాతి తరానికి నా వల్ల ఏం మిగులుతుంది?’ చివర్లో బతికిన బతుకును ఒప్పుకోవడమా, చింతించడమా.

కోవూరు అక్కా, స్కూలువాళ్లు నాలుగున్నరేళ్ల పిల్లాడి పేరు పక్కన ఎర్ర ఇంకుతో ‘వెనుకబడ్డాడు’ అని రాయడం పియాజే లెక్కన తప్పు. ఎరిక్సన్ లెక్కన అంతకన్నా పెద్ద తప్పు. వాడు అది చదవలేకపోవచ్చు, ఇంట్లోవాళ్ల మొహం చదువుతాడు.

కోవూరు_కోడలు
చార్టు ఫ్రిజ్ మీద నుంచి పీకేశా. పాప మాత్రం ‘టీనేజ్ గడి నాక్కావాలి’ అని కత్తిరించి దాచుకుంది. ఆమె వాదనల గురించి ఎవరూ చెప్పలా. నిన్న ‘కర్ఫ్యూ పెట్టాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే దాన్ని ప్రశ్నించే హక్కు నాకుండాలి’ అంది. ఫోను తొమ్మిదింటికి ఇచ్చెయ్యమన్నందుకు.

చీమకుర్తి_గ్రానైట్
లా చదివించండి అక్కా. ఫీజు దానికి కట్టండి.

పలకా_బలపం
అది అమూర్త ప్రచాలక దశ, కళ్లముందు నడుస్తోంది. కంటికి కనపడని రూలును పట్టుకుని ‘ఒకవేళ ఇలాగైతే?’ అని తిప్పి చూడటం ఆ వయసులోనే వస్తుంది. కొత్తగా వచ్చిన విద్య కాబట్టి అమ్మ మీదే ప్రాక్టీసు.

దర్గామిట్ట_నర్సమ్మ
వాదన పదునుగా ఉందని తెగింపు కూడా పెద్దవాళ్ల స్థాయిలో ఉందనుకోవద్దు. మెదడు ముందుభాగం, అంటే ఆగి ఆలోచించే భాగం, ఇరవైల మధ్యదాకా పక్వమవుతూనే ఉంటుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు డ్రైవింగ్ వీడియో గేమ్‌తో పరీక్షించారు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కన చూస్తున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు చాలా ఎక్కువ రిస్కు తీసుకున్నారు. 24 దాటినవాళ్లలో పక్కన ఎవరున్నా పెద్ద తేడా లేదు.

మైపాడు బీచ్ రోడ్డులో ఆదివారం సాయంత్రం బండి మీద ముగ్గురేసి వెళ్లేది చూస్తాం కదా. వాళ్లలో ఎవరైనా ఒంటరిగా ఉంటే అంత స్పీడు పోరు. మా వార్డుకు వచ్చిన కుర్రోళ్లను ‘ఎందుకురా?’ అని అడిగితే కారణం చెప్పరు, పక్క మంచంలోవాణ్ణి చూసి నవ్వుతారు.

కావలి_కుర్రోడు
మేడం, నాకు 27. ఇప్పటికీ ఫ్రెండ్స్ ఉంటే యాక్సిలరేటర్ అదే తిరుగుద్ది.

దర్గామిట్ట_నర్సమ్మ
హెల్మెట్ పెట్టుకో నాయనా.

ఇంటర్_బైపీసీ
అందరూ టీనేజ్ గురించి మాట్లాడుతున్నారు, ఆ వయసువాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నా. ‘నేనెవరు?’ అని వెతుక్కునే వయసు అన్నారు పైన. మా హాస్టల్లో ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా వెతుక్కోడానికి టైమ్ ఏది? పదో తరగతి రిజల్ట్స్ రాకముందే మా నాన్న బైపీసీ సీటుకు అడ్వాన్స్ కట్టేశాడు. నన్నెవరూ అడగలేదు.

ఎంఏ_సైకాలజీ
తమ్ముడూ, నీ మాటకు 1966లోనే పేరు పెట్టారు. జేమ్స్ మార్సియా ఎరిక్సన్ ఆలోచనను పెంచి నాలుగు స్థితులు చెప్పాడు. బాగా వెతికి ఒక దారి ఎంచుకున్నవాళ్లు, ఇంకా వెతుకుతున్నవాళ్లు, వెతకనూ లేదు ఎంచుకోనూ లేదు అన్నవాళ్లు, నాలుగోది వెతక్కుండానే పెద్దలు ఇచ్చిన దారిలో కుదురుకున్నవాళ్లు. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇంటర్‌లో చేరే పిల్లల్లో ఎక్కువమంది నాలుగో రకమే అని నా అభిప్రాయం. అందులో కొందరికి ఆ దారే నచ్చుతుంది కూడా. నచ్చనివాళ్లకు వెతుకులాట పోదు, వాయిదా పడుతుంది. బీటెక్ అయ్యాక, ఉద్యోగంలో చేరాక, కొందరికి పెళ్లయ్యాక మొదలవుతుంది.

రిటైర్డ్_హెడ్మాస్టర్
పదహారేళ్లవాడికి ఏం తెలుసని ఎంచుకుంటాడు? నాన్న అనుభవంతో ఎంచాడు. నా సర్వీసులో ‘నాకిష్టం’ అని చేరి మధ్యలో మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఉలవపాడు_మామిడి
నాన్న ఎంచుకుని మధ్యలో మానేసినవాళ్లను చూడలేదా మాస్టారూ? మా తమ్ముడొకడు. ఇప్పుడు మామిడి తోట చూసుకుంటున్నాడు, హాయిగా ఉన్నాడు. ఇంజినీరింగ్ పుస్తకాలు అటక మీద ఉన్నాయి, మానాన్న ఎవర్నీ తియ్యనివ్వడు.

దర్గామిట్ట_నర్సమ్మ
ఇంటర్ తమ్ముడూ, నిద్ర పట్టకపోయినా, చదువు టెన్షన్‌తో ఏం తోచకపోయినా 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్ ఫోన్ నుంచైనా చేయొచ్చు.

ఇంటర్_బైపీసీ
నంబర్ రాసుకున్నా. బాగానే ఉన్నా మేడం, బోటనీ ఇష్టమే. అడగలేదనేదే బాధ.

చీమకుర్తి_గ్రానైట్
అక్కా వాళ్లాయన బుల్లెట్ సంగతి ఎవరూ పట్టించుకోలా. నాకు 46, ఇది నా టాపిక్కు.

ఎంఏ_సైకాలజీ
‘మిడ్‌లైఫ్ క్రైసిస్’ అన్న మాట 1965లో ఇలియట్ జాక్స్ అనే ఆయన ఒక వ్యాసంలో వాడాడు. ఆయన ఎక్కువగా కళాకారుల జీవితాలు చూసి రాశాడు. తర్వాత మామూలు జనాన్ని అడిగి చూస్తే నలభైల్లో అందరికీ అలాంటి సంక్షోభం వస్తుందన్నది నిలబడలేదు. వచ్చినవాళ్లకు కూడా చాలావరకు ఉద్యోగం పోవడమో, అమ్మానాన్నల జబ్బో, విడాకులో కారణం. వయసు అంకె కాదు. 44లో బండి కొనాలనిపించడం జబ్బేమీ కాదు, ఇప్పటికి చేతిలో డబ్బులు వచ్చాయి అంతే.

చీమకుర్తి_గ్రానైట్
ఈ పోస్టు ప్రింట్ తీసి మా ఆవిడకు చూపిస్తున్నా.

కోవూరు_కోడలు
మా ఆయన ఇది చదివితే ఎట్టా? పోస్టు తీసెయ్యండి. 😀 సరే, అత్తమ్మ సంగతి చెప్పండి. 1989 కావలి తుపాను కథ. గాలికి రేకులు లేచిపోయి, మామ తలుపుకు వీపు ఆనించి రాత్రంతా నిలబడ్డాడని. ఒక్క మాట పొల్లు పోదు, ఎన్ని తాటిచెట్లు పడ్డాయో కూడా చెబుతుంది. పొద్దున ఏం తిన్నదీ గుర్తుంటుంది, చీటీ డబ్బులు పైసాతో సహా గుర్తుంటాయి. కానీ తుపాను కథ మాత్రం వచ్చినవాళ్లందరికీ. మతిమరుపు మొదలైందా?

దర్గామిట్ట_నర్సమ్మ
మీరు చెప్పినదాన్ని బట్టి భయపడాల్సింది కనిపించడంలేదు. పాత కథ మళ్లీ మళ్లీ చెప్పడం వేరు, చెప్పానని తెలియకుండా అయిదు నిమిషాల్లో మళ్లీ చెప్పడం వేరు. రోజూ వెళ్లే గుడికి దారి తప్పడం, ఏళ్లుగా చేసే చేపల పులుసులో ఏది ముందు ఏది తర్వాత అన్నది తెలియకపోవడం, డబ్బు లెక్కలో తికమక, మనిషి తీరే మారిపోవడం ఉంటే డాక్టరుకు చూపించాలి. అప్పుడు కూడా ముందు బీ12, థైరాయిడ్, వినికిడి, దిగులు చూస్తారు. సరిచేయగలిగే కారణాలు చాలా ఉంటాయి. వయసుతో పాటు డిమెన్షియా రావడం సహజమే అనుకుని ఇంట్లో కూర్చోబెట్టడమే మన దగ్గర ఎక్కువ.

ఎంఏ_సైకాలజీ
ముసలితనంలో బుద్ధి మొత్తంగా తగ్గదు, ఒక్కోటి ఒక్కో రకంగా నడుస్తుంది. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని రెండుగా విడదీశాడు. కొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పే చురుకు ఒకటి, అది పెద్దవయసులోకి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. ఏళ్లుగా పోగైన తెలివి, మాటల సంపద ఇంకొకటి, అది చాలాకాలం నిలుస్తుంది. అమెరికాలో షై అనే ఆయన 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి అవే మనుషుల్ని దశాబ్దాల తరబడి పరీక్షించాడు. ఒకేరోజు ఇరవై ఏళ్లవాణ్ణీ డెబ్బై ఏళ్లవాణ్ణీ పోల్చి చూస్తే ముసలివాళ్లు బాగా వెనకబడ్డట్టు కనిపిస్తారు, అందులో చాలా భాగం చదువుల తేడా. అదే మనిషిని వెంట ఉండి చూస్తే చాలా సామర్థ్యాలు అరవైల దాకా పెద్దగా తగ్గలేదు.

కథ సంగతి. 1963లో రాబర్ట్ బట్లర్ అనే డాక్టరు, పెద్దవాళ్లు గతాన్ని తిరగేసుకోవడం చాదస్తం కాదు, బతుకును సర్దుకునే పని అన్నాడు. పైగా జనానికి పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య సంగతులే ఎక్కువ గుర్తుంటాయి. మీ అత్తగారికి 1989లో ముప్పై లోపే కదా.

కోవూరు_కోడలు
ఇరవై తొమ్మిది. అప్పటికి మా ఆయనకు ఏడేళ్లు, ఆయనకు ఆ రాత్రి నిద్రపోయినట్టే గుర్తు.

ఒంగోలు_గిత్త
అత్తగారి చేత ఆ కథ ఫోన్లో రికార్డు చేయించి ఇక్కడ పెట్టండి. చిరాల వైపు మా అమ్మమ్మ చెప్పే తుపానుకూ దానికీ తేడా చూడాలి.

రొయ్యల_చెరువు
ఇంకో మాట. ఆ బ్రెయిన్ క్లాసంటే కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివించే రకమేమో కనుక్కోండి. మా మేనల్లుణ్ణి చేర్చారు ఒకచోట. వాడు ముక్కు పక్క సందులోంచి చూసి చదివేవాడు. ఇంటికొచ్చి ఆ కిటుకు నాకే నేర్పాడు, అదీ ఐస్‌క్రీమ్‌కు బేరమాడి.

ఎంఏ_సైకాలజీ
దాన్నే ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ అంటారు. సందు లేకుండా కళ్లు మూసి అడిగినప్పుడు నిలబడలేదు. మెదడులో చూపులేని చదువు అనేదేమీ లేదు.

కోవూరు_కోడలు
మా స్కూలుది అది కాదంట, పజిల్స్, అబాకస్ అంట. ఏదైనా చేర్చడం లేదని చెప్పేశా. ‘అయితే మీ ఇష్టం, తర్వాత మమ్మల్ని అనొద్దు’ అన్నారు.

పలకా_బలపం
అనరు. మీవాడికి ఏడొచ్చాక మజ్జిగ పోసి మళ్లీ అడగండి. ఈలోగా వాడు ఇసకలో ఆడుకుంటే అదే వాడి క్లాసు. చెంబుతో గిన్నెలోకి, గిన్నెతో చెంబులోకి ఎన్నిసార్లు పోస్తాడో లెక్కలేదు కదా.

వెంకటాచలం_అమ్మ
కొత్తగా చేరాను, చర్చంతా చదివాను. వరుస మారదు గానీ వయసు వెనకాముందూ అవుతుంది అన్నారు కదా, మరి మా బాబుకు రెండేళ్ల మూడు నెలలు. ఇంకా మాటలు రాలేదు. ‘అమ్మ’ కూడా స్పష్టంగా లేదు. మగపిల్లలకు లేటే, వాళ్ల నాన్నకూ మూడేళ్లకు వచ్చాయి అంటోంది అత్త. బండి లేటు అనుకుని ఆగనా?

అంగన్వాడీ_అక్క
ఉదయగిరి దగ్గర అంగన్వాడీలో చేస్తాను. పైన వాళ్లు చెప్పింది గ్లాసుల గురించి. దీనికి ఆగొద్దమ్మా. రెండేళ్లకు రెండేసి మాటలు కలిపి చెప్పాలి, ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాగా. ఒక్క మాట కూడా లేదంటే చూపించాల్సిందే. మగపిల్లలైనా సరే.

పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? వెనక గిన్నె పడేస్తే ఉలిక్కిపడతాడా? వేలు పెట్టి చూపిస్తాడా, నువ్వు చూపించిన వైపు చూస్తాడా? ముందు వచ్చిన మాటలేమైనా పోయాయా?

వెంకటాచలం_అమ్మ
వేలు పెట్టి చూపిస్తాడక్కా, కళ్లలోకి చూసి నవ్వుతాడు. గిన్నె చప్పుడుకు ఒక్కోసారి తిరుగుతాడు, ఒక్కోసారి లేదు. చెవిలో చీము వస్తుంటుంది.

అంగన్వాడీ_అక్క
అయితే ముందు వినికిడి పరీక్ష. చెవి సరిగ్గా వినపడకపోతే మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? చెవిలో నూనె పోయొద్దు. మీ ఊరి అంగన్వాడీలో గానీ పీహెచ్‌సీలో గానీ చెబితే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే పట్టి చూసే కేంద్రానికి) రాసిస్తారు. చెవి, మాట, ఎదుగుదల అన్నీ అక్కడే చూస్తారు, డబ్బులు కట్టక్కర్లేదు. సోమవారమే వెళ్లండి, తల్లీబిడ్డల కార్డు మర్చిపోవద్దు. మీ అత్తను కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టరు చెబితే వింటుంది.